బోర్లా మన్సిక్

ప్యో మన్సిక్ ఎవరింటికి వెళ్ళినా ముందు బోర్లా పడుకుంటాడు.

గుమ్మం దగ్గర బూట్లు విప్పుతాడు, "బాగున్నారా?" అంటాడు, ఆ మాటకు జవాబు వచ్చేలోపే నేల మీద ఉంటాడు. చెంప నేలకు ఆన్చి, కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీలుస్తూ ఈ మూల నుంచి ఆ మూలకు పాకుతాడు. పెళ్ళి మాటలకు వెళ్ళినా అంతే, చావు పలకరింపుకు వెళ్ళినా అంతే. సోల్గోగే కొండ మీద పుట్టిన పిల్లలందరూ మనుషులు ఇళ్ళలోకి ఇలాగే వస్తారనుకుని కొన్నాళ్ళు తామూ పాకారు. కాలక్రమంలో వాళ్ళు లేచి నిలబడ్డారు. మన్సిక్ మాత్రం లేవలేదు.

కారణం లేకపోలేదు. ఆయనది గ్యాస్ సిలిండర్ల దుకాణం. కొండ మీద ఇళ్ళన్నీ ఒకప్పటి బొగ్గుగని కార్మికులవి. సందులు ఎంత ఇరుకంటే ఎదురుగా మనిషొస్తే ఇద్దరిలో ఒకరు ఎవరింట్లోకో దూరి దారివ్వాలి. బండ్లు రావు. మన్సిక్కే సిలిండర్‌ని భుజాన పెట్టుకుని మెట్లెక్కుతాడు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, ఒలికిన నీళ్ళలా కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. నిలబడ్డ మనిషి ముక్కుకు సంగతి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. కాబట్టి ముక్కునే కిందికి తీసుకెళ్ళాలని ఆయన సిద్ధాంతం.

"దానికి అలారం ఉంది కదయ్యా!" అనేవాళ్ళు.

"అలారానికి జలుబు చేస్తే?" అనేవాడు.

ఆయన భార్య చొమ్రేకి ఈ సిద్ధాంతంతో పేచీ లేదు గానీ చొక్కాలతో ఉంది. "మా ఆయన్ని ముందు నుంచి చూస్తే బిచ్చగాడు, వెనక నుంచి చూస్తే పెళ్ళికొడుకు" అనేది. నిజమే. ఆ చొక్కాలు పొట్ట దగ్గర దోమతెరల్లా ఉండేవి, వీపు మాత్రం కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరిసేది. ఒకరోజు ఒళ్ళు మండి, చొక్కాని వెనకది ముందుకొచ్చేలా తిప్పి తొడిగి, బొత్తాలు వీపున పెట్టింది. సిగ్గుపడి మానుకుంటాడనుకుంది. మన్సిక్ సాయంత్రం ఇంటికొచ్చి, "ఎంత హాయిగా ఉందే, బొత్తాలు గుచ్చుకోవట్లేదు!" అన్నాడు.

కొండ మీదివాళ్ళకు ఇందులో లాభమూ ఉండేది. మన్సిక్ వచ్చి వెళ్ళిన ఇల్లు తుడవక్కర్లేదు, దుమ్మంతా ఆయన కనుబొమల మీదే వెళ్ళిపోతుంది. బీరువాల కింద పోయిన చెవిపోగులు, మంచాల కింద పోయిన మాత్రలు ఆయనకే దొరికేవి. ఒకసారి ఒక తాత కట్టుడుపళ్ళు దొరికాయి. వాటిని దొంగిలించాడని ఆ తాత పక్కింటాయనతో ఎన్నాళ్ళుగానో మాట్లాడటం మానేశాడు. పళ్ళు దొరికాక మాట్లాడక తప్పలేదు, కానీ అలవాటు తప్పిపోయి ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.

నూడుల్స్ కొట్టు ఆసామి పోయినప్పుడు ఇంకో కథ జరిగింది. ఆచారం ప్రకారం పోయినాయన ఫొటో ముందు మోకరిల్లి, నుదురు నేలకు తాకేలా దండం పెట్టి లేవాలి, మళ్ళీ పెట్టాలి. అందరూ అలాగే పెట్టి పక్కకు తప్పుకుంటున్నారు. మన్సిక్ రెండో దండానికి వంగాడు, లేవలేదు. ఒక క్షణం చూశారు, ఇంకో క్షణం చూశారు. స్నేహితుడి మీద ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. విధవరాలు గొల్లుమంది. పెద్దకొడుకు కన్నీళ్ళతో వచ్చి, "లేవండి బాబాయ్, నాన్న చూస్తే బాధపడతాడు" అని భుజం పట్టుకున్నాడు.

మన్సిక్ తల పక్కకు తిప్పి, "బాబూ, వంటింటి వైపు వాల్వు బిగించండి" అన్నాడు.

బిగించారు. నిజంగానే వదులుగా ఉంది. అయినా అంతమంది కన్నీళ్ళు వృథా అయ్యాయన్న కోపం చాలామందికి పోలేదు.

ఇంకొకటి కూడా చెప్పుకునేవాళ్ళు. పైపు గ్యాస్ కొండ మీదికి వస్తుందా రాదా అని మాటలు నడుస్తున్న రోజుల్లో మన్సిక్ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి మధ్యాహ్నమంతా బోర్లా పడుకున్నాడు. ఆఫీసు నేల మీద పడుకున్న మనిషంటే ఏదో ఒకటి తేలేదాకా లేవని మనిషని ఈ దేశంలో ఎవరికైనా తెలుసు. గుమాస్తాలు ఆయన మీదుగా కాళ్ళు చాచి దాటుకుంటూ ఫైళ్ళు మోశారు. పైపొస్తే దుకాణం మూతే కదా, ఆపడానికి పడుకున్నాడు పాపం అని కొండంతా జాలిపడింది. అయినా పైపొచ్చింది.

"ఆఫీసులో పడుకుని కూడా ఓడిపోయిన మొదటి మనిషి మా మన్సికే!" అని మంగలి పాంగ్ తన కొట్లో కూర్చున్న ప్రతి తలకూ చెప్పాడు.

పైపుతో పాటు హేరన్ వచ్చింది.

హేరన్ గ్యాస్ కంపెనీ తరఫున ఇళ్ళు తిరిగి తనిఖీ చేసే మనిషి. నలభై దాటింది. ఊళ్ళో ఉన్న మెట్లన్నీ ఆమె మోకాళ్ళలో ఉన్నాయి. పొద్దున్నే రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని బయల్దేరితే, మధ్యాహ్నానికి ఆ కాళ్ళు తనవో పరాయివో తెలియకుండా పోయేవి. ఆమె పై అధికారి నమ్గుంగ్ ఫోన్లో ఒకటే ఊరించాడు.

"శనివారానికి సోల్గోగే పూర్తి చెయ్యి, హేరన్. సోమవారం నుంచి నదిపక్క కొత్త ఫ్లాట్లు నీవే."

"లిఫ్టుందా సార్?"

"ప్రతి బ్లాకుకీ ఉంది."

"పనిచేస్తుందా?"

"అద్దం కూడా ఉంది అందులో!"

అప్పట్నుంచీ హేరన్‌కి కళ్ళు మూస్తే లిఫ్టే కనపడింది. మీట నొక్కడం, తలుపులు మూసుకోవడం, తన ప్రమేయం లేకుండా తన కాళ్ళు పైకి వెళ్ళడం. దానికి అడ్డు ఒక్కటే. సందులో ఆఖరి ఇల్లు సరేననిపించుకునేదాకా సందు మొత్తానికీ గ్యాస్ తెరవరు. ఆఖరి ఇల్లు సరేననిపించుకోవాలంటే ప్రతి ఇంట్లోనూ హీటర్ మార్చాలి. ఆ మార్చే మనిషి మన్సిక్.

మార్చడమంటే ఒక గొట్టం పీకి ఇంకో గొట్టం తగిలించడం కాదు. చలికి ఇంటి నేల వెచ్చబడేలా నేల కింది గొట్టాల్లో నీళ్ళు కాచే ఆ హీటర్లన్నీ సిలిండర్ గ్యాస్‌కి చేసినవి. ఆ గ్యాస్ చిక్కన, దానికి సూదిమొనంత రంధ్రమున్న నాజిల్ చాలు. పైపు గ్యాస్ పలచన, దానికి ఇంకా పెద్ద రంధ్రం కావాలి. హీటర్ చేసినవాళ్ళు ఆ మోడల్‌కని ఇచ్చిన నాజిలే వెయ్యాలి, ఒత్తిడి కొలవాలి, అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు పూసి బుడగలొస్తాయేమో చూడాలి, మంట నీలంగా ఉండాలి, పొగగొట్టం ఇంట్లోకి కాకుండా బయటికే ఊదాలి. లైసెన్సు లేనివాడు చెయ్యకూడదు. లైసెన్సుండి, కొండ మీది హీటర్లన్నిటినీ పేరుపేరునా ఎరిగినవాడు మన్సిక్ ఒక్కడే. అందుకని ఆయన దుకాణం మూయించే పనికి కంపెనీ ఆయన్నే పెట్టుకుంది. ఆయన కూడా ఏమీ అనుకోకుండా నాజిళ్ళ డబ్బా పట్టుకుని వచ్చేశాడు.

మొదటి ఇల్లు మంగలి పాంగ్‌దే. మన్సిక్ సిలిండర్ వాల్వు కట్టేశాడు, లోపలికి వచ్చాడు, పడుకున్నాడు.

"మన్సిక్ అన్నా," అన్నాడు పాంగ్, ఆయన చుట్టూ రాలిన జుట్టు ఊడుస్తూ, "కొత్త నాజిలెందుకు? ఉన్నదాని రంధ్రమే డ్రిల్లుతో కాస్త పెద్దది చేస్తే పోదూ? మా బావమరిది అలాగే చేశాడు."

మన్సిక్ నేల మీంచే తలెత్తాడు. "మీ బావమరిది ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆస్పత్రిలో. అది వేరే విషయంలే."

"నీ ముక్కు రంధ్రాలు కూడా చిన్నవే కదరా. గాలి చాలట్లేదేమో. డ్రిల్లు తెమ్మంటావా?"

పాంగ్ ముక్కు మూసుకుని అవతలికి పోయాడు.

హేరన్ గోడకు ఆనుకుని చూస్తోంది. "బాబాయ్, లేవండి. ఈ గ్యాస్ గాలికంటే తేలిక. లీకైతే పైకి పోతుంది."

"తెలుసమ్మాయ్."

"మరి కింద ఏం వెతుకుతున్నారు?"

"పాతదేమైనా మిగిలిందేమోనని."

"దాని వాల్వు మీరేగా కట్టేసింది?"

"అందుకే నా అనుమానం."

లేచాడు, నాజిల్ మార్చాడు, సబ్బునీళ్ళు పూశాడు. కంపెనీవాళ్ళు పరీక్షకని తెచ్చిన గ్యాస్ పెట్టి మంట వెలిగిస్తే శంఖుపువ్వులా నీలంగా నిలబడింది. హేరన్ వంక పెట్టలేకపోయింది. తర్వాత మన్సిక్ అలారం తీసుకుని, ఇన్నేళ్ళ చేతి అలవాటుతో దాన్ని మళ్ళీ చీలమండ ఎత్తున గోడకు బిగించేశాడు.

"బాబాయ్! పైకప్పు దగ్గర పెట్టాలి! గ్యాస్ పైన, అలారం కింద ఉంటే అవి రెండూ ఎప్పుడు కలుస్తాయి?"

మన్సిక్ నాలిక్కరుచుకున్నాడు. మర్నాటి నుంచి ఒక నిచ్చెన కూడా మోసుకొచ్చాడు. దానివల్ల పనేమీ తగ్గలేదు. అంతకుముందు ఇంటికొక్కసారి నేల వాసన చూసేవాడు. ఇప్పుడు ముందు నేల వాసన చూసి, తర్వాత నిచ్చెనెక్కి కప్పు వాసన చూస్తాడు.

"కప్పు వాసన చాలదా?" అంది హేరన్ నీరసంగా.

"పైకి పోయే గ్యాస్‌ని నమ్మలేనమ్మాయ్. దిగజారినవాడు ఎక్కడ దొరుకుతాడో మనకు తెలుసు. పైకి పోయినవాడు మన మొహం చూస్తాడా?"

ఇంతవరకూ హేరన్ ఓర్చుకునేదే. కానీ కొన్ని ఇళ్ళలో ఇంకో తంతు మొదలైంది. ఒంటరిగా ఉండే ముసలి హో తాత ఇంట్లో మన్సిక్ నేల మీద పడుకుని, చాలాసేపు కదలకుండా ఉండి, లేచి హీటర్ చెవిలో ఏదో చెప్పినట్టు దాని మీద తట్టాడు.

"ఇవాళ మార్చడం కుదరదు. ముందు సిలిండర్ ఖాళీ అవ్వాలి."

"ఎందుకు ఖాళీ అవ్వాలి? విప్పి పట్టుకుపోండి!"

"ఆపరేషన్‌కి ముందు డాక్టర్లు అన్నం పెట్టరు చూశావా? ఇదీ అంతే. హీటర్ కడుపు ఖాళీ అవ్వాలి. ఫుల్లుగా పెట్టి సాయంత్రందాకా నడుపుదాం."

"ఇది ఏ రూల్సులో ఉంది?"

"రూల్సులో ఉంటే అందరూ చేస్తారు. ఇది అనుభవం."

సాయంత్రందాకా నడిపారు. హో తాత, మన్సిక్ పేకాట ఆడుకున్నారు, తాత గెలిచాడు. హేరన్ గోడకు ఆనుకుని కూర్చుని కునికింది. సిలిండర్ ఎంతకీ ఖాళీ కాలేదు, అది నిండు సిలిండర్. మర్నాడు మళ్ళీ వచ్చి మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత మూల ఇంటి గుడ్డి అక్క దగ్గర కూడా అదే ఆపరేషన్, అదే ఉపవాసం. అక్కడా నిండు సిలిండరే. పాంగ్ కొట్లో, నూడుల్స్ కొట్లో, పిల్లలున్న ఇళ్ళల్లో మాత్రం చకచకా అయిపోయేది.

హేరన్ బుర్ర అలసిపోయినా పనిచేయడం మానలేదు. ఒంటరి ముసలివాళ్ళు. అందరి దగ్గరా నిండు సిలిండర్లు. అంత గ్యాస్ వాళ్ళకెందుకు? దుకాణం మూతపడేలోపు ఉన్న సరుకంతా నోరులేనివాళ్ళకు అంటగడుతున్నాడు! పైగా అది కాలేదాకా నన్ను కూర్చోబెట్టి, అంటగట్టినట్టు ఎవరికీ అనుమానం రాకుండా చూసుకుంటున్నాడు! ఆమెకు మన్సిక్ మీద ఉన్న జాలి కాస్తా పోయింది.

శనివారం మంచు పడింది. మిగిలింది ఒక్క ఇల్లు, సందు చివర, మెట్లన్నీ అయిపోయాక ఇంకా కొన్ని మెట్లెక్కితే వచ్చే జేచన్ అవ్వ ఇల్లు. దారి పొడవునా తలుపుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"గ్యాసెప్పుడు తెరుస్తారమ్మా? మా సిలిండర్ నిన్ననే పీకేశారు!"

"నీళ్ళు కాగక గడ్డం గీయలేకపోతున్నా! జనం ఎలుగుబంట్లలా తిరుగుతున్నారు!" అని పాంగ్ అరిచాడు.

"ఇవాళే తెరుస్తాం!" అని హేరన్ ఒగర్చుతూ చెప్పింది. లిఫ్టు అద్దంలో తన మొహం ఎలా ఉంటుందోనని ఆలోచిస్తూ ఆ ఆఖరి మెట్లెక్కింది.

జేచన్ అవ్వ ఇంట్లోనే దూదికోటు, ఉన్ని టోపీ, మఫ్లరు, చేతికి తొడుగులు వేసుకుని కూర్చుంది. పిడికెడు మనిషి. కళ్ళు, ముక్కు మాత్రమే బయట ఉన్నాయి.

"ఎక్కడికైనా బయల్దేరారా అవ్వా?" అంది హేరన్.

"ఎక్కడికీ లేదే. నాది వేడి శరీరం తల్లీ, నాకసలు చలే వెయ్యదు" అంది అవ్వ. ఆ మాట అంటుంటే ఆమె నోట్లోంచి తెల్లగా ఆవిరొచ్చింది. హేరన్ అది చేతిలోని బార్లీ టీ ఆవిరనుకుంది. కాళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి కాబట్టి అవి ఏమీ చెప్పలేదు.

మన్సిక్ నేల మీద ఉన్నాడు. పొట్టి కాళ్ళ భోజనాల బల్ల పక్కన బోర్లా పడుకుని, చెంప ఆన్చి, కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ లేవలేదు.

"ఒరే మన్సిక్," అంది అవ్వ, "పోయావా ఉన్నావా?"

"ఉన్నా అవ్వా." లేచి హీటర్ దగ్గరికి వెళ్ళి దాని మీద తట్టాడు. "దీనికి ఒంట్లో బాగాలేదు. ఇవాళంతా ఫుల్లుగా నడిపి..."

"వద్దు!" అని హేరన్ అరిచింది.

మన్సిక్ ఆగాడు.

"ఇంకొక్క మాట మాట్లాడారంటే ఈ కొండ మీంచి దూకుతా! సందు సందంతా చన్నీళ్ళతో చస్తోంది! శనివారం! ఇవాళ శనివారం బాబాయ్! ఆ సిలిండర్ నిండుగా ఉంది, నాకు తెలుసు, లేపి చూడక్కర్లేదు! ఒంటరివాళ్ళందరికీ నిండువే అంటగట్టారు! దుకాణం పోతోందని ఇలా తీర్చుకుంటారా? ముసలివాళ్ళ దగ్గరా? నా మోకాళ్ళ దగ్గరా?"

మన్సిక్ నాజిళ్ళ డబ్బా మూత తీశాడు, మూశాడు.

"వాడి మీద అరవకే," అంది అవ్వ. "వాడు పుట్టినప్పట్నుంచీ అంతే."

అరవడంలో హేరన్‌కి మిగిలిన ఓపిక కాస్తా ఖర్చయిపోయింది. కూలబడింది. కూర్చోవడం కూడా కష్టమనిపించి పక్కకు ఒరిగింది. నడుము నేలకు తగిలితే చాలనుకుంది, తల కూడా దానంతటదే వాలిపోయింది. చెంప నేలకు ఆనింది.

రాయిలా ఉంది. రాయి కూడా కాదు, నదిలోంచి అప్పుడే తీసిన రాయిలా ఉంది. నేలంతా అంటించిన నూనె పూసిన పసుపుపచ్చ కాగితం కింద, వెచ్చగా ఉండాల్సిన నేల ఆమె చెంపని కొరికింది. నిన్నటి నుంచో మొన్నటి నుంచో కాదు, చాలా రోజులుగా ఈ హీటర్ వెలగలేదు.

హేరన్ కదల్లేదు. ఒక్కొక్క ఇల్లే గుర్తొచ్చింది. హో తాత ఇంట్లో అంతసేపు కూర్చున్నాక ఆఖర్లో కాళ్ళకు ఎందుకంత హాయిగా అనిపించిందో గుర్తొచ్చింది. గుడ్డి అక్క మధ్యాహ్నానికి కోటు విప్పి, పాట ఎత్తుకోవడం గుర్తొచ్చింది.

బల్ల కింద నుంచి చూస్తే అవతల మన్సిక్ మొహం కనపడింది. ఆయన కూడా మళ్ళీ పడుకుని ఆమెనే చూస్తున్నాడు.

"బాబాయ్," అని గుసగుసగా అంది, "నేల గడ్డకట్టుకుపోయింది."

"ష్. మెల్లగా. అవ్వకి పళ్ళు లేవు గానీ చెవులున్నాయి."

"ఇన్నేళ్ళూ మీరు చూసింది గ్యాస్ వాసన కాదన్నమాట."

"అదీ చూస్తా. లైసెన్సిచ్చారు కదా!" వేలితో నేల మీద తట్టాడు. "గ్యాస్ లీకైతే అలారం మోగుద్ది. మనిషి చలికి బిగుసుకుపోతుంటే ఏది మోగుద్దమ్మాయ్? అడిగితే ఒక్కరూ చెప్పరు. కొండ మీద అందరివీ వేడి శరీరాలే."

"మరి ఆ నిండు సిలిండర్లు?"

"తుప్పు పట్టింది, మార్చాలి అని చెప్పి పెట్టేస్తా. తుప్పంటే భయపడి తలుపు తీస్తారు. ఊరికే ఇస్తానంటే మూస్తారు. అయినా అది ఉంటే సరిపోయిందా, వెలిగించరు. అందుకే టెస్టింగని చెప్పి కూర్చుంటా."

"ఇప్పుడు పైపు గ్యాస్‌కి మీటరొస్తే?"

మన్సిక్ కనుబొమల మీద దుమ్ము కదిలింది. "అదే నాకూ తోచట్లేదు. సిలిండర్‌ని దొంగచాటుగా తెచ్చి పెట్టొచ్చు. పైపుని ఎలా తెస్తాం?"

బల్ల మీదుగా ఉన్ని టోపీ వంగింది. "ఏమే, నువ్వూ పడ్డావా? ఒరే మన్సిక్, నీది అంటురోగమట్రా?"

హేరన్ లేచింది. కంపెనీ జాకెట్ దులుపుకుంది, మెడలోని గుర్తింపు కార్డు సరిచేసుకుంది, గొంతులోకి ఆఫీసు తెచ్చుకుంది.

"అవ్వా, కంపెనీ తరఫున చెప్తున్నా. హీటర్ ఆపేస్తే ఈ చలికి నేల కింద గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగుల్తాయి. కాబట్టి నేల ఎప్పుడూ వెచ్చగా ఉండాలి."

"నా కోసమైతే అక్కర్లేదమ్మా..."

"మీ కోసం ఎవరన్నారు? మీరు గడ్డకట్టుకుపోయినా కంపెనీకేం పట్టదు. గొట్టాల కోసం."

"గొట్టాల కోసమా?" అవ్వ ఆలోచనలో పడింది.

"మీ ఇంట్లో గొట్టం పగిలిందంటే నేను రిపోర్టు రాయాలి, కింద పైపు కట్టెయ్యాలి. సందంతా చన్నీళ్ళే. పాంగ్ గడ్డాలు గీయలేడు." ఇందులో మొదటి సగం నిజం, రెండో సగం అప్పటికప్పుడు పుట్టింది. "మీ ఒక్కరి మొండితనానికి అందరూ వణకాలా?"

"అయ్యయ్యో! నా వల్ల నలుగురికీ ఇబ్బందెందుకే! వెలిగించు, వెలిగించు!"

"చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేస్తా. నేల చల్లగా తగిలిందంటే ఊరుకోను."

"పైగా ఇది సిలిండర్ కంటే చవకవ్వా" అన్నాడు మన్సిక్ నేల మీంచి. "చెప్పాలంటే నాకే ఏడుపొస్తోంది."

అప్పుడే చొమ్రే బంగాళదుంప అట్లు మూటగట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఇద్దరి జుట్టులోనూ దుమ్ము చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమయ్యా, ఉన్న ఒక్క పిచ్చీ చాలదని ఈ అమ్మాయికి కూడా నేర్పావా?"

"పిన్నీ," అంది హేరన్, "ఇంత బెంగున్న మనిషి, పైపుని ఆపడానికి ఆ రోజు ఆఫీసులో ఎందుకు పడుకున్నట్టు?"

"ఆపడానికా?" చొమ్రే అట్ల మూట బల్ల మీద పెట్టింది. "రప్పించడానికి! ఇంతెత్తు పైపెక్కించడం మా వల్ల కాదని వాళ్ళు ఫైలు మూసేస్తే, తెరిచేదాకా లేవనని పడుకున్నాడీ పెద్దమనిషి. సొంత కొట్టు మూయించుకోడానికి ధర్నా చేసినవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఆ రోజు అరిగిపోయిన చొక్కా నేనే కొన్నది."

అందరూ మన్సిక్ వైపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అదేం లేదు," అన్నాడు. "ఆ ఆఫీసు నేల భలే వెచ్చగా ఉంటుంది. నిద్దరొచ్చింది."

తర్వాత పనంతా మామూలుగా జరిగింది. సిలిండర్ కట్టేశాడు, విప్పాడు. పాత నాజిల్ తీసి కొత్తది బిగించాడు. సబ్బునీళ్ళు పూసి, బుడగ రాలేదని హేరన్‌కి చూపించాడు, అవ్వకి చూపించాడు, చొమ్రే వద్దన్నా చూపించాడు. మంట నీలంగా లేచింది. నిచ్చెనెక్కి అలారాన్ని ఎవరూ గుర్తుచేయకుండానే పైకప్పు దగ్గర పెట్టాడు. అక్కడే ఆగి కప్పంతా వాసన చూశాడు. కింద సందులో గ్యాస్ తెరిచారు. పాంగ్ వేడినీళ్ళొచ్చాయని ఎవరో గెలిచినట్టు కేకలేశాడు.

నమ్గుంగ్ ఫోన్ చేశాడు. "శభాష్ హేరన్! సోమవారం నుంచి లిఫ్టే!"

హేరన్ అవ్వ గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. వెనక గదిలో నేల కింద నీళ్ళు గలగలా కదుల్తున్న చప్పుడు వినపడింది. "సార్, ఆ ఫ్లాట్లు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. సోల్గోగే నాకే ఉంచండి. ఇక్కడ తనిఖీలెక్కువ."

ఆ రోజు మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె మోకాళ్ళు ఆమెను తిట్టిన తిట్లు రాస్తే బాగోదు.

ఆ చలికాలమంతా హేరన్ చెప్పకుండా వచ్చేది. బూట్లు విప్పేది, "బాగున్నారా?" అనేది, జవాబొచ్చేలోపు బోర్లా పడుకునేది. హో తాత ఇంట్లో అంతే, గుడ్డి అక్క ఇంట్లో అంతే. కొన్నిసార్లు మన్సిక్ కూడా నిచ్చెనతో ఎదురయ్యేవాడు. కొట్టు మూసేశాడు గానీ వాసన చూడ్డం మానలేదు. ఆయన పైన, ఆమె కింద.

జేచన్ అవ్వ ఇంట్లో ఒక మధ్యాహ్నం హేరన్ పడుకున్నది లేవనే లేదు. నేల అట్ల పెనంలా వెచ్చగా ఉంది. అవ్వ టోపీ లేకుండా, పొట్టి చేతుల జాకెట్టులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటోంది.

"ఏమైందిరా దీనికి?" అంది మన్సిక్‌తో.

మన్సిక్ నిచ్చెన మీంచి వంగి చూశాడు. "తనిఖీ చేస్తోంది. మెల్లగా మాట్లాడు."

"గురక పెడుతోందిగా?"

"బాగా తనిఖీ చేస్తోంది."

అవ్వ తన దూదికోటు తెచ్చి ఆమె మీద కప్పింది. తనకు ఎటూ దాంతో పనిలేదు.

వసంతం వచ్చాక హేరన్ కొత్త జాకెట్ కోసం ఆఫీసుకు వెళ్ళింది. నమ్గుంగ్ పాతదాన్ని పట్టుకుని, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుగులోకి ఎత్తి దాంట్లోంచి కిటికీ చూశాడు.

"అందరి జాకెట్లూ మోచేతుల దగ్గర చిరుగుతాయి హేరన్. నీదేంటి, వీపు కొత్తగా ఉంది, పొట్ట దగ్గర మాత్రం దోమతెరలా అయ్యింది?"

"కొండ మీద పనెక్కువ సార్" అంది హేరన్. కాస్త ఆలోచించి, "ఈసారి బొత్తాలు వెనక ఉండేది దొరుకుతుందా?" అని అడిగింది.